దూదమ్మ చీటీలు

మా పిన్ని మొండిఘటమని చుట్టాలందరూ అంటారు. అననీయండి, ఆ మొండితనంలో సగం నాకు వచ్చినా చాలు. మ్యూజియంలో చచ్చిన పిట్టల చర్మం ఒలిచి, దూది కూరి, కుట్లు వేయడం ఆవిడ ఉద్యోగం. ఇరవై ఆరేళ్లుగా అదే కిటికీ, అదే బల్ల. అక్కడ అందరూ ఆవిడను దూదమ్మ అంటారు.

కుట్టిన పిట్టలను దాచే సొరుగుల్లో కొండ అడవుల రాబిన్ పిట్టలు రెండు రకాలు. తూర్పు కొండది ఒకటి, పడమటి కొండది ఒకటి. రెండింటికీ బూడిదరంగు వీపు, నారింజరంగు రొమ్ము. పక్కపక్కన పెడితే కవలలే. తేడా అంతా కాళ్లలో ఉంది. తూర్పుదానివి నలుపు, పడమటిదానివి గులాబి. చచ్చి ఎండితే ఆ గులాబి కూడా వారంలో నల్లబడిపోతుంది. అందుకే పిన్ని సూది పట్టకముందే కాళ్ల రంగు చూసి, చీటీ మీద పెన్సిల్‌తో రాసి, ఆ కాలికే కడుతుంది.

కొత్త డైరెక్టర్ ఎండిన పిట్టలనే చూసి, రెండూ ఒకటే జాతి అని తేల్చేశాడు. తూర్పున ఎలాగూ బోలెడు ఉన్నాయి కాబట్టి పడమటి అడవిని కొట్టేసినా నష్టం లేదని నివేదిక తయారైంది. పడమటి రాబిన్ ఇంకెక్కడా లేదు.

ఆ రోజు పిన్నికి భోజనం డబ్బా ఇవ్వడానికి వెళ్లి నేను డైరెక్టర్ గది గుమ్మంలోనే ఉన్నాను.

"పాత చీటీలు తీసేసి, అన్నీ ఒకే సొరుగులో పెట్టండమ్మా," అన్నాడు డైరెక్టర్.

"పెట్టను సార్."

"మీరు కుట్లు వేసే మనిషి. జాతులు తేల్చడం మీ పని కాదు."

"కాదు. కానీ అవి ఎండకముందు చూసింది నేను, మీరు కాదు."

నాకు ఈల వేయాలనిపించింది.

"ఉద్యోగం పోతుంది, ఆలోచించుకోండి."

పిన్ని పడమటి సొరుగు మొత్తం లాక్కొచ్చి ఆయన బల్ల మీద పెట్టింది. పక్కన కత్తెర పెట్టింది.

"మీరే కత్తిరించండి. కాకపోతే ప్రతి చీటీ పైకి చదివి కత్తిరించండి."

ఆయన నవ్వుతూ చదవడం మొదలుపెట్టాడు. కాళ్లు గులాబి. రెండోదీ గులాబి. నాలుగో చీటీ పిన్ని రాసింది కాదు, ఆవిడకు పని నేర్పిన పెద్దాయన రాసింది. అందులోనూ గులాబే. పదకొండో చీటీకి ఆయన గొంతు తగ్గిపోయింది. కత్తెర మాత్రం ముట్టుకోలేదు. తూర్పు సొరుగు కూడా తెమ్మన్నాడు. అందులో అన్నీ నలుపే.

నివేదిక వెనక్కి తీసుకున్నాడు. కానీ ఎదురు చెప్పినందుకు పిన్నికి మెమో ఇచ్చాడు. పిన్ని దాని మీద పెన్సిల్‌తో "కాళ్లు గులాబి" అని రాసి, పడమటి సొరుగులో పెట్టి, తాళం వేసింది.