చివరి కొలిమి దగ్గర నాన్న

వయసు మీద పడి మా నాన్న కంప్యూటర్ ఆట నేర్చుకోలేకపోయాడని బంధువుల్లో ఒక మాట స్థిరపడిపోయింది. అది నిజం కాదు. నాకంటే త్వరగానే నేర్చుకున్నాడు. ఆయన వల్ల కానిది వేరే ఉంది. పక్కన కూర్చుని చూసింది నేనే కాబట్టి రాసిపెడుతున్నాను.

నా బడి చదువు పదో తరగతితో ఆగింది. మిగతాదంతా గురజాల గ్రంథాలయంలో చదివిందే, ఆ మాట చెప్పుకోవడం నాకు గర్వం. నాన్నకు బీపీ పెరిగి, ఆందోళన పడకూడదని డాక్టరు చెప్పాక పొలం కౌలుకిచ్చేశాం. ఖాళీగా ఉన్న మనసుకు నెమ్మదైన పని ఒకటి అప్పజెప్పాలని గ్రంథాలయం పుస్తకంలో చదివాను. నాకు నెమ్మదినిచ్చేది కంప్యూటర్లో ఫ్యాక్టరీలు కట్టే ఆట; అదే ఆయనకు నేర్పాను. ఇనుపరాయి తవ్వి, కదిలే బెల్టు మీద, దాని పక్కన వరసగా ఉన్న కొలుములకు పంపి కరిగించాలి. శత్రువులు వచ్చిపడే ఏర్పాటు తీసేశాను. గడువు లేదు, ఓటమి లేదు. ఎంత చిక్కుపడినా ఆపి, టీ తాగొచ్చి చూసుకోవచ్చు.

నాన్న వేసిన మొదటి బెల్టు చక్కగానే కదిలింది. ఆయన చూపు మాత్రం చిట్టచివరి కొలిమి మీదే ఉంది.

“ఒరేయ్, ఆఖరుదానికి అందట్లేదురా.”

“అందుద్ది నాన్నా. పైవి నిండితే అదే కిందకి పోద్ది.”

“నిండిందని పైనోడు ఎప్పుడన్నా వదిలాడంట్రా?”

మా పొలం కాలువకు చిట్టచివర. వంతు మాదైన రోజున కూడా పైవాళ్ల తూముల దగ్గర కాపలా ఉంటేనే నీళ్లు దిగేవి. ఆటలోనూ నాన్న అదే చేశాడు. బెల్టు మీంచి పై కొలుములకు ఇనుపరాయి అందించే మరచేతులను పీకేసి, అన్నిటికీ వంతులు పెట్టాడు. వంతు మారేదాకా కుర్చీలోంచి లేచేవాడు కాదు.

“ఏందయ్యా, దానికీ కాపలానేనా? మంచం తెచ్చి ఏయమంటావా?” అంది అమ్మ.

“నువ్వుండవే. ఇప్పుడు లేస్తే పైనోళ్లు మళ్లిచ్చుకుంటారు.”

“ఎవురు, ఆ పెట్టెలో వాళ్లా?”

అమ్మతో పాటు నేనూ నవ్వాను. కానీ ఫ్యాను కిందే ఆయన చొక్కా తడిసిపోయి ఉంది. తగ్గుతుందనుకున్న బీపీ ఆ వారం ఇంకా పెరిగింది.

ఒకరోజు పీకేసినవన్నీ మళ్లీ పెట్టి, ఆయన్ను బలవంతంగా వాకిట్లోకి తీసుకెళ్లి టీ తాగించాను. తిరిగొచ్చేసరికి పైవన్నీ నిండి, ఆఖరు కొలిమి ఎర్రగా మండుతోంది. సంతోషిస్తాడనుకున్నాను. చాలాసేపు చూసి, “ఇది ఉత్తుత్తిదిరా. యాడన్నా ఇట్టా జరిగిద్దా?” అని లేచిపోయాడు. మళ్లీ ఆ కుర్చీలో కూర్చోలేదు.

ఊరికే ఎదురుచూస్తే తన వంతు తన దగ్గరికి రావడం బతుకులో ఒక్కసారి చూసి ఉంటే, ఆయన కుదురుగా ఆడేవాడు. దాన్ని నేను ఏ పుస్తకంలోంచి తెచ్చివ్వగలను? ఇప్పుడు నేను ఆడుతున్నా మునుపటి నెమ్మది రావడం లేదు. చూపు ఆఖరుదాని మీదికే పోతోంది.

సాయపడినవాళ్లు తమ పేర్లు రాస్తే ఒప్పుకోరు, వరసలతోనే చెబుతాను. పాత కంప్యూటరు బాగుచేసిచ్చిన మెకానిక్ భాయ్‌కి, గడువు దాటినా పుస్తకం అడగని గ్రంథాలయం అక్కకి, అమ్మకి రుణపడి ఉన్నాను. మా పొలం కౌలుకు చేస్తున్న బాబాయికి ఇంకా ఎక్కువ. నాన్న ఇప్పటికీ రోజూ తూము దగ్గరికి వెళ్తాడు. బాబాయి ఆయన్ను ఇంటికి పొమ్మనడు. “నువ్వు చూస్తుండన్నా, నేను చేలో నీళ్లకి మడవ మార్చొస్తా” అంటాడు.