ముగింపు చెప్పొద్దు

బొల్లారం దాటంగనే బస్సు లోపటికి కంపెనీల కుళ్లిన తీపి వాసన కొడితే, ఇప్పటికీ నాకు సుగుణనే గుర్తొస్తది.

బడిల 'వాగు దయ్యం' అని ఒక సినిమా ఏసిండ్రు. ఆఖర్ల కరెంటు పోయి ముగింపు ఎవ్వరం సూడలే. ఇంగ్లీషు సారు దాని మీద రివ్యూ రాయమన్నడు. "కథ జెరంతనే రాయుండ్రి, ఎట్లున్నదో రాయుండ్రి, ముగింపు మాత్రం చెప్పొద్దు."

నా పక్కన కూసునే సుగుణ వచ్చీరాని ఇంగ్లీషుల ముగింపే రాసింది: వాగు ఎర్రగయితది, చేపలన్నీ సచ్చి తేలుతయి.

"సూడంది ఎట్ల రాసినవే?" అని సారు గీత కొట్టిండు.

వారం తిరగకముందే మా వాగు ఎర్రగయింది. చేపలు తెల్లటి పొట్టలు పైకి పెట్టి తేలినయి. సుగుణకు దయ్యం పట్టిందని, దాని పక్కన కూసోనని ఏడ్చిన.

కంపెనీల పనిజేస్తూ మురికినీళ్ల పైపు వాగుల కలిపింది సుగుణ వాళ్ల నాయిననేనని పెద్దయినంక తెల్సింది. ముగింపు చెప్పొద్దని ఆయనకు గూడ ఎవరో చెప్పే ఉంటరు.