సంగటి పొయ్యికి మోగిన సైరన్

మా సోలార్ ప్లాంటులో డీజిల్ జనరేటర్ షెడ్డుకు మంటను కనిపెట్టే డిటెక్టరు బిగించారు. పిడికిలి కంటే కాస్త పెద్దది, ముందర ఒంటి కన్ను. మంట కనబడితే చాలు, కంట్రోల్ రూములో సైరన్ మోగిస్తుంది. నిష్ఠగల ఉద్యోగి. చిక్కల్లా ఏమిటంటే, షెడ్డుకు గాలి కోసం ఒకవైపు గోడ కట్టలేదు. ఆ వైపున, కంచె వారన, మా వంటక్క పొయ్యి ఉండేది.

ప్లాంటున్న నేల వంటక్క వాళ్ళ చేనే. ఒకప్పుడు వేరుశనగ పండిన భూమిని కంపెనీకి గుత్తకిచ్చి, అందులోనే ఒక మూల మాకు రాగి సంగటి, ఊరుబిండి పచ్చడి చేసి పెట్టేది. డిటెక్టరు వచ్చినప్పటి నుంచి ఆమె పొయ్యి కాస్త మండగానే సైరన్ మోగుతోంది. మేము పరుగెత్తుకుని పోతాం, సంగటి చూసి వెనక్కి వస్తాం. మొదట్లో ఇది మాకు అంత కష్టంగా అనిపించలేదు.

మేనేజరుకు అనిపించింది. "ఇంకొక్కసారి మోగితే పొయ్యి గేటు బయటికి పోవాల. భోజనం పావగడ హోటల్ నుంచి తెప్పించుకుందాం" అన్నాడు. ఆయన మాటలో తప్పేమీ లేదు, బాధల్లా అదే.

"నా చేన్లో నా పొయ్యికి జాగా లేదంటాడేందప్పా?" అంది వంటక్క నాతో. "నువ్వు చదువుకున్నోడివి కదా, దాని కన్ను మూయించు."

"మూయకూడదక్కా. చూపు తగ్గిస్తా."

డిటెక్టరుకు బొత్తాలుండవు. రెండు తీగెలతో దాన్ని లాప్‌టాప్‌కు కలిపి, లోపలి రిజిస్టర్లలో అంకెలు రాయాలి. రిజిస్టరంటే హాజరు పుస్తకం కాదు, ఒక్క అంకె పట్టే గూడు. మొదటి గూట్లో దాని చిరునామా, రెండో గూట్లో అది మాట్లాడే వేగం, మూడో దాంట్లో మంట కనిపించాక ఎన్ని సెకండ్లు ఆగి అరవాలన్నది, నాలుగో దాంట్లో ఎంత దూరం చూడాలన్నది ఉంటాయి. నాలుగో గూట్లో ఒకటి రాస్తే చూపు షెడ్డు దాటదు, పొయ్యి బతుకుతుంది. మెలికల్లా, మనం ఒకటి నుంచి లెక్కపెడితే అది సున్నా నుంచి పెడుతుంది. మన నాలుగు దానికి మూడు.

మేనేజరు పావగడకు పోయిన పొద్దున నేను షెడ్డులో కూర్చున్నాను. డిటెక్టరు పుస్తకం కంట్రోల్ రూములో, నాతో పనిచేసే స్నేహితుడి దగ్గరుంది. ఏ గూడు ఎన్నోదో నాకప్పటికి తెలీదు, చూపు గూటి నంబరు ఫోన్లో అడిగాను. వాడు వేలు పెట్టి వరసలు లెక్కపెట్టడం వినిపించింది: "లాభం... రెండు..."

మా వైపు గింజలు కొలిచేటప్పుడు మొదటి సేరును ఒకటి అనరు, లాభం అంటారు. ఇంజినీరింగ్ చదివినా వాడి నాలుక రైతుదే.

"మూడప్పా, మూడులో రాయి" అన్నాడు.

లాభంతో మొదలుపెట్టినవాడికి సున్నా సంగతేం తెలుస్తుందనుకున్నాను. నేనే ఒకటి తగ్గించి, రెండులో రాసేశాను.

వంటక్కను పిలిచి, "ఇప్పుడు ముట్టించక్కా, ఏం కాదు" అన్నాను.

ఆమె కంది కట్టె చివర అంటించిందో లేదో, సైరన్ మోగింది. ఇదివరకు పొయ్యి రాజుకునేదాకా ఆగేది. ఇప్పుడు ఆ మర్యాద కూడా పోయింది.

"చూపు తగ్గిస్తానంటివి, కోపం పెంచినావే!" అంది వంటక్క.

ఫోన్లో స్నేహితుణ్ణి నిలదీశాను. "లాభం తీసేసి చెప్పినా కదప్పా!" అన్నాడు. "మిషన్ దాన్ని లెక్కలో వేసుకోదు కదా."

"నేనూ తీసేసినా."

ఇద్దరం ఓపిగ్గా ఒకే తప్పును రెండుసార్లు దిద్దాం. నా అంకె పోయి, ఆగాల్సిన సెకండ్ల గూట్లో పడింది. ఇప్పుడది ఒక్క సెకండే ఆగుతోంది. పాత అంకె దానికి తిరిగి ఇచ్చి, ఈసారి సరైన గూట్లో ఒకటి రాసేసరికి మేనేజరు జీపు గేటు దాటింది.

ఆయన ఎదుటే పరీక్ష. వంటక్క పొయ్యి ముట్టించింది. మంట ఎగసింది, ఎసరు మరిగింది, డిటెక్టరు ఉలకలేదు. తర్వాత షెడ్డులో, ఇసక బక్కెట్లు పక్కన పెట్టుకుని, రేకు పళ్ళెంలో డీజిల్ గుడ్డ అంటించాను. కాసేపు ఆగి, సైరన్ శుభ్రంగా మోగింది.

"సరే, పొయ్యి ఈడే ఉండనీ" అన్నాడు మేనేజరు.

వంటక్క ముఖం వెలుగుతుందని చూశాను. అది ముడుచుకుంది.

"అంటే నా పొయ్యిది మంట కాదంటుందా అది?"

"మంటేనక్కా. దూరంగా ఉండాదని ఊరుకుండాది."

మేమంతా తిని చేతులు కడుక్కునేసరికి వంటక్క పొయ్యి రాళ్ళు ఎత్తుకొచ్చి షెడ్డు నీడలో పేర్చుకుంటోంది.

"ఆడ ఎండ పడతాదప్పా. లెక్కలోకే రాని మంట యాడుంటే ఏంది?"

"డీజిల్ పక్కన పొయ్యి వద్దక్కా" అని నేను సున్నం డబ్బా తెచ్చి, షెడ్డుకు చాలా దూరంలో నేల మీద గీత గీశాను. ఆమె నడుం మీద చెయ్యి పెట్టుకుని చూసింది.

"ఈ చేన్లో మీ వాళ్ళు గీసిన గీతలు చాలలేదా?" అంది. తర్వాత రాళ్ళెత్తుకుపోయి, సరిగ్గా ఆ గీత మీదే పొయ్యి పెట్టింది.