పేరులో కోడి ఉన్న జ్వరం

నిన్న సాయంత్రం మా ఉప్పల్ వీధిలోకి దోమల మందు పొగ కొట్టే బండి వచ్చింది. అందరూ తలుపులు వేసుకుంటుంటే నేను మాత్రం ఆ ఘాటు పీలుస్తూ కిటికీ దగ్గర నిలబడిపోయాను. ఆ వాసన తగిలితే చాలు, ఊరంతా చికున్‌గున్యా వచ్చిన ఏడాది నాకు గుర్తొస్తుంది. నా ఈడువాళ్లు మరిచిపోయి ఉండరు. ఏ ఇంట చూసినా మంచం పట్టినవాళ్లు, గోడ పట్టుకుని నడిచేవాళ్లు, పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకోవడానికి కూడా వేళ్లు ముడవలేనివాళ్లు.

అప్పుడు నేను నాచారంలో ఒక మందుల కంపెనీలో, తయారైన మాత్రలను పరీక్షించే ల్యాబులో పనిచేసేదాన్ని. మావారి ఉద్యోగం కోసం తెనాలి నుంచి వచ్చి ఇక్కడ అద్దెకు దిగాం. మాతో ఉండే అత్తగారు గుడ్డు కూడా ముట్టని మనిషి.

మా వీధి చివర, భువనగిరి వైపు నుంచి వచ్చిన ఆలుమగలు చికెన్ కొట్టు నడిపేవారు. జనం నోళ్లలో పడి ఆ జ్వరం పేరు కాస్తా ‘చికెన్ గున్యా’ అయింది. పేరులోనే ఉంది కదా, ఇంకేం కావాలి అన్నారు. మొదట కోడి తిన్నవాళ్లకే వస్తుందన్నారు, తర్వాత కొట్టు మీదుగా వచ్చే గాలికి కూడా వస్తుందన్నారు. అంతలో కొట్టాయనకే జ్వరం తగులుకోవడంతో ఇక ఎవరికీ అనుమానం లేకపోయింది. ఆయన భార్య ఒక్కతే రోజూ కొట్టు తెరిచి, ఒక్క బేరమూ లేకుండా సాయంత్రం దాకా కూర్చుని, మూసుకుని వెళ్లేది. నల్లా రోజు విడిచి రోజు వచ్చేది కనుక ఇంటింటి ముందూ నింపిన డ్రమ్ములు మూతల్లేకుండా ఉండేవి. వాటి వంక చూసినవాళ్లు లేరు.

రైల్వేలో రిటైరైన ఒక పెద్దాయన మాట మా వీధిలో చెల్లేది. ఆదివారం కమ్యూనిటీ హాల్లో కూర్చుని, కొట్టు ఖాళీ చేయించే సంగతి తేల్చేద్దామన్నారాయన. ముందు రోజు కొట్టామె మా ఇంటికొచ్చి, గుమ్మంలోనే నిలబడింది.

“అక్కా, నువ్వు మందుల కంపెనీల పని జేస్తవు గద. జర నువ్వన్న జెప్పరాదు. కొట్టు బోతే మేమెట్ల బతకాలె?”

నేను డాక్టర్ని కాను. అందుకే ఆ పూటే వెళ్లి మా వీధి డాక్టరుగారిని అడిగి, అది దోమల జ్వరమని నాకు తెలిసినదాంట్లో తప్పు లేదని రూఢి చేసుకున్నాను. అయితే నన్ను మెలిపెట్టిన సంగతి వేరే ఉంది. మా అత్తగారికి అప్పటికే ఆ జ్వరం వచ్చి ఉంది. “అమ్మాయ్, ఈ వయసులో చాటుగా కోడి తిన్నానంటారే! ఎవరడిగినా వాతమని చెప్పు” అని ఆవిడ నా చేత మాట తీసుకున్నారు. ఆ పుకారుకు సరైన జవాబు మా ఇంట్లోనే మంచం మీద ఉంది, కానీ దాన్ని బయటపెట్టే హక్కు నాకు లేదు.

ఆదివారం మా డ్రమ్ములోని నీళ్లే ఒక గ్లాసులో పట్టుకెళ్లి, అందులో మెలికలు తిరుగుతున్న పురుగులను అందరికీ చూపించాను. ఇవే దోమలవుతాయని, పగటిపూట కుట్టే ఆ దోమలే జ్వరాన్ని మోస్తాయని, కొట్టాయన్నీ దోమే కుట్టిందని చెప్పాను. ఎవరినీ నవ్వులపాలు చేయకూడదని ముందే అనుకున్నాను. భయపడిన మనిషిని చూసి నవ్వితే, ఆ మనిషి మళ్లీ మన మాట వినడు. ఇంతలో ఒకామె మోకాలు రుద్దుకుంటూ, “గీ నొప్పులు ఎప్పుడు పోతయమ్మా?” అంది. కొందరికి నెలలు పట్టవచ్చంటున్నారని, ఆమెకెప్పుడు తగ్గుతుందో మాత్రం నాకు తెలియదని చెప్పాను.

పెద్దాయన వెంటనే అందుకున్నారు. “గదే తెలువదంటివి. మల్ల కోడి గాదని ఎట్ల జెప్తవు?”

తెలియనిది ఒకటి ఉన్నంత మాత్రాన తెలిసినది అబద్ధమైపోదని ఆయనకు రకరకాలుగా చెప్తూ ఉండగానే అరగంట గడిచింది. నా వెనక కూర్చున్న మావారు ఎప్పుడు లేచి ఇంటికి వెళ్లారో నేను గమనించనే లేదు, అంతలో గుమ్మం దగ్గర అలికిడైంది. మా అత్తగారు మావారి భుజం పట్టుకుని, ఒక్కో అడుగూ వేసుకుంటూ లోపలికి వచ్చారు.

“నాకూ ఆ జ్వరమే. ఇన్నాళ్లూ సిగ్గుపడి దాచాను. నేను కోడి తిన్నానని మీలో ఎవరైనా అంటారా?”

పెద్దాయన లేచి తన కుర్చీ జరిపి, “కూసోండమ్మా” అన్నారు.

కొట్టు ఖాళీ చేయించే మాట ఎవరూ మళ్లీ ఎత్తలేదు. అలాగని అందరూ మారిపోయారని చెప్పను. పెద్దాయన చాలాకాలం కోడి తినలేదు, “ఎందుకైనా మంచిదమ్మా” అనేవారు. కానీ వారం వారం దగ్గరుండి వీధిలోని డ్రమ్ములన్నీ ఒంపించి తోమించింది కూడా ఆయనే. చలికాలానికి కొట్టు మెల్లగా కోలుకుంది.

ఆ ఆదివారం సాయంత్రం అత్తగారి కాళ్లకు కాపడం పెడుతూ, ఎందుకొచ్చారని అడిగాను. “అంతమందిలో నువ్వు తెలియదని ఒప్పుకున్నావని అబ్బాయి వచ్చి చెప్పాడు. తెలిసిన నేను దాక్కోవడం బాగాలేదనిపించింది” అన్నారు. ఆవిడ పోయి చాలాకాలమైంది.

ఇప్పుడు కుళాయి తిప్పితే నీళ్లొస్తున్నాయి, వైద్యం దగ్గరకొచ్చింది, చదువులు పెరిగాయి. పుకార్లు మాత్రం తగ్గలేదు. ఆ రోజుల్లో పుకారుకు ఒక ముఖం ఉండేది. ఆ మనిషి మన ఎదురుగా కూర్చుని అడిగేవాడు, మనం చెప్పింది నమ్మకపోయినా లేచి కుర్చీ ఇచ్చేవాడు. ఇప్పుడు ఫోనులోకి వచ్చిపడే మాట ఎవరిదో తెలియదు, ఎవరింటికి వెళ్లి కూర్చోవాలో అంతకన్నా తెలియదు.