నా పాటకు వాడి అరుపు

కుప్పంలో ఇంజనీరింగ్ చదివేటప్పుడు మేము నలుగురం హాస్టల్లో ఒక బ్యాండు పెట్టుకున్నాం. అది రెండు వేల సంవత్సరం దాటిన కొత్త. బెంగళూరు నుంచి ఎవరో తెచ్చిన సీడీల్లో పోస్ట్-హార్డ్‌కోర్ అనే సంగీతం దొరికింది. గిటార్లు మొదట నెమ్మదిగా, విడివిడిగా మోగుతాయి. ఉన్నట్టుండి డ్రమ్స్‌తో సహా అన్నీ ఒక్కసారి మీద పడతాయి. ఆ మోతలో ఒకడు గొంతు చించుకుని అరుస్తుంటే ఇంకొకడు మెల్లగా పాడుతుంటాడు. బాధ ఒకటే, చెప్పేవాళ్లు ఇద్దరు. తెలుగులో ఇలాంటి పాట నేను చెయ్యాలనుకున్నాను.

చేశాను. మాది పుంగనూరు దగ్గర పల్లె, టమోటా సేద్యం. ధర పడిపోయిన ఒక వేసవిలో మా నాయన మదనపల్లె మండీలో అమ్ముడుపోని టమోటా క్రేట్లు వెనక్కి తెస్తూ, దారిలో రోడ్డు పక్కన కుమ్మరించి, ఇంటికొచ్చి ఏమీ మాట్లాడకుండా అన్నం తిన్నాడు. పాట దాని గురించే. మాటలు నావి, బాణీ నాది, గిటారు మోతను గరగరలాడించే డిస్టార్షన్ పెడల్ కూడా నేను సోల్డరింగ్ చేసిందే. అరుపు ఒక్కటే నాకు రాలేదు. ఉప్పునీళ్లు పుక్కిలించాను, కడుపులోంచి ఊపిరి ఎలా తియ్యాలో చదివి సాధన చేశాను. రెండో చరణానికే దగ్గు వచ్చేది.

మా బ్యాండులో బేస్ గిటారు వాయించేవాడిది మదనపల్లె. వాళ్లకు అక్కడ రైతుల సరుకు వేలం వేసి కమిషన్ తీసుకునే మండీ ఉంది; సెలవుల్లో టమోటా వేలం వాడే పిలిచేవాడు. ఒకరోజు నా దగ్గు విని నవ్వాడు.

“యాలరా అట్ల గొంతు పిసుక్కుంటాండావు? ఇట్ల సూడు.”

అరిచాడు. పక్క గదుల పిల్లలు పరిగెత్తుకొచ్చారు. లారీల హారన్ల మధ్య ధరలు పిలిచి గట్టిపడిన గొంతు అది. మిగతా ఇద్దరూ నన్నొక మాట అడగను కూడా లేదు. అరుపు వాడికి, మెల్లగా పాడే వంతు నాకు. మా నాయన బాధను మండీవాడు అరవడమేమిటని లోపల అనుకున్నాను. పైకి “బాగుండాదిరా” అన్నాను.

కాలేజీ ఉత్సవానికి నాయనను రమ్మన్నాను. పాట నేను రాసిందని ముందు చెప్పలేదు. విన్నాక నా నోటితో చెప్పాలని. మొదలుపెట్టగానే ముందు వరుసలో లెక్చరర్లు చెవులు మూసుకున్నారు.

“ఏందప్పా ఇది, సేన్లో పందుల్ని తరుముతాండారా?” అని వెనక ఎవడో కేకేశాడు. అందరూ నవ్వారు.

రోడ్డు పక్కన కుమ్మరించే చరణం దగ్గర వాడు అరిచాడు. నవ్వు ఆగింది. సేద్యం ఇళ్ల పిల్లలు లేచి నిలబడ్డారు. అయ్యాక వాణ్ణి భుజాల మీదికి ఎత్తుకున్నారు.

నేను కేబుళ్లు చుడుతుండగా నాయన స్టేజీ పక్కకొచ్చాడు. నన్ను దాటుకుని పోయి వాడి చేతులు పట్టుకున్నాడు.

“నా కడుపులో ఉండేది నీకెట్ల తెలిసిందప్పా?”

“నాకేం తెలుసు మామా, రాసిందంతా మీవాడే. నేను ఉత్త అరిసేవాణ్ణి.”

నాయన నా వైపు తిరిగి చూశాడు. “వీడా! ఇంట్లో నోరే తెరవడు గదా.”

నేను చెప్పాల్సిన ఆ ఒక్క మాట కూడా వాడే చెప్పేశాడు. తానే రాశానని వాడు అబద్ధమాడి ఉంటే బాగుండేది, తిట్టుకోవడానికైనా పనికొచ్చేది.

“ఏదీ, ఆ రోడ్డు కాడ మాట ఇంగొకసారి సెప్పు” అన్నాడు నాయన.

నేను గొంతు సవరించుకున్నాను. నాయన చూస్తున్నది వాడి వైపు.