ఎనిమిదికి నాలుగు

పదో తరగతి జవాబుపత్రాలు దిద్దే డ్యూటీ అంటే నాకు ముందు గుర్తొచ్చేది బెంచీ. పిల్లలు కూర్చునే బెంచీల్లోనే మేమూ ఇరుక్కుని కూర్చోవాలి. ఉదయం ఇరవై, మధ్యాహ్నం ఇరవై. కట్ట పూర్తయ్యేదాకా కదలడానికి లేదు.

ఆ ఏడు తెలుగులో ఎనిమిది మార్కుల వ్యాసం నీటి పొదుపు మీద వచ్చింది. ఉపోద్ఘాతానికి ఇన్ని, విషయానికి ఇన్ని, ముగింపుకి ఇన్ని అని మార్కులు ముందే పంచేసి మా చేతికో కాగితం ఇచ్చారు. పిల్లలందరూ "నీరే ప్రాణాధారం" అనే మొదలుపెట్టారు. తప్పు వాళ్లది కాదు. అలా బట్టీ పట్టించేది మాలాంటి తెలుగు టీచర్లమే. సగం చదివీ చదవకుండానే ఏడేసి వేసుకుంటూ పోయాను.

ఒక పత్రంలో మాత్రం శీర్షికలే లేవు. "మా ఇంట్లో నీళ్లు పొదుపు చెయ్యమని ఎవరూ చెప్పరు. కొళాయి గంటే వస్తుంది. బియ్యం కడిగిన నీళ్లతో అమ్మ గిన్నెలు తోముతుంది. చుట్టాలు మంచినీళ్లు అడిగితే నవ్వుతూనే బిందె వైపు చూస్తుంది" అని రాసి ఉంది. రెండుసార్లు చదివాను. ఎనిమిదికి ఎనిమిది వేశాను.

మేం దిద్దినవి మళ్లీ చూసే పెద్దాయన కంట్లో సరిగ్గా అదే పడింది.

"ఏటి మేడమ్, ఉపోద్ఘాతం ఏదీ? ముగింపేదీ? నాలుగు సేసియ్యండి. రేపు పైనోలు సూస్తే మనిద్దరికీ మెమో ఒస్తాది."

"చదివారా సార్?"

"సదివాను. బాగుంది. అందుకే నాలుగంతన్నాను, నేకపోతే రెండే."

ఎనిమిది కొట్టేసి, నాలుగు వేసి, పక్కన సంతకం పెట్టాను. నా మీద నాకే అసహ్యం వేసింది. కట్టలో ఇంకా పదకొండు ఉన్నాయి.

సాయంత్రం గాజువాకలో బస్సు దిగి ఇంటికెళ్లేసరికి మా అమ్మాయి కాగితం పట్టుకుని గుమ్మంలోనే నిలబడి ఉంది. వచ్చే ఏడు దానికీ పబ్లిక్ పరీక్షలే. పరిసరాల శుభ్రత మీద వ్యాసం రాసిందట. మా వీధి చివర చెత్తకుప్ప, దాని పక్కనే చేపలమ్మే ఆవిడ, ఆవిడతో నేను చేసే బేరం, అన్నీ ఉన్నాయి. ఒక్క శీర్షిక లేదు. చదువుతూ పకపకా నవ్వాను.

"బాగుందా అమ్మా?"

"చాలా బాగుంది."

"మరి నువ్వైతే ఎన్నేస్తావ్?"

"నాలుగు" అన్నాను.

అది నమ్మలేనట్టు నా మొహంలోకి చూసింది. నేను చూపు తిప్పుకుని, శీర్షికలు పెట్టి కింద గీతలు గీయడానికి స్కేలు తెచ్చుకోమన్నాను.