నా వంజరాల మీద దక్షిణ ధ్రువం ఐసు

నిన్న నేను చేసిన ఘనకార్యం వింటే మీరు టీ గ్లాసు కింద పెట్టేస్తారు. నిండు మీటింగులో సర్కారును కడిగిపారేసినా. తీరా చూస్తే తప్పు నాదే!

పొద్దున బోట్లొచ్చినాయి. వేలంలో నేను పాడుకున్న వంజరం చేపలు ఎండలో పడుండాయి, ఐసు లారీ జాడే లేదు. మా రేవులో పద్ధతి మీకు తెలిసిందే గదా. ఐసు చాలకపోతే ఎవురి పెట్టెలోదైనా వాడుకోవచ్చు, లారీ రాంగానే అంతకంత పెట్టెయ్యాల. అడగాల్సిన పన్లేదు. షెడ్డులో ఓ మూల కొత్త థర్మాకోల్ పెట్టె కనబడింది. మూత తీస్తే తెల్లటి ఐసు గడ్డ! దంచి చేపల మీద పోసేసినా. లారీ వచ్చినాక అంతే గడ్డ ఆ పెట్టెలో పెట్టినా. నాకంటే నిజాయితీ ఎవురికుందో చెప్పండి!

పది గంటలకు తుఫాను షెల్టర్లో మీటింగ్. ఎవురో సైంటిస్టు అమ్మాయి, ఆమె పై ఆఫీసరు వచ్చినారు. "దక్షిణ ధ్రువంలో మంచు కరిగితే ఇక్కడ మీ సముద్రం పెరుగుతుంది. అందుకే ప్రభుత్వం నిధులిచ్చి మమ్మల్ని అక్కడికి పంపుతోంది" అనింది ఆ పిల్ల.

నాకు ఒళ్లు మండింది. లేచి మైకు లాక్కున్నా. "ఏందమ్మా ఈ అన్యాయం! రేవులో ఐసు ఫ్యాక్టరీ పెట్టండని అర్జీలిచ్చి ఇచ్చి మా చేతులు పడిపొయ్యినాయి. దానికి నిధుల్లేవంట! ఐసు చూసొచ్చేదానికి మాత్రం ఓడలేసుకొని పోతారా?"

చప్పట్లే చప్పట్లు!

"అది మామూలు ఐసు కాదక్కా" అనిందా పిల్ల. "అందులో వేల ఏళ్ల నాటి గాలి ఇరుక్కుని ఉంది. నీళ్లలో వేస్తే చిటపటమంటూ బయటికొస్తుంది." అక్కడినుంచి తెచ్చిన ముక్కంటా ఒకటి నీళ్ల గ్లాసులో వేసి మైకు దగ్గర పెట్టింది. అందరం చెవులు రిక్కించినాం. ఉలుకూ పలుకూ లేదు.

"ఏదమ్మా చప్పుడు? మా లారీ ఐసుకీ దీనికీ తేడా ఏంది?" ఇంకా రెచ్చిపొయ్యినా.

ఆఫీసరు మొహం మాడ్చుకున్నాడు. "ఊళ్లల్లో ఈ మీటింగులకు నిధులు దండగ, వచ్చే ఏడాది నుంచి ఆపేద్దాం" అన్నాడు. ఆ పిల్ల కళ్లల్లో నీళ్లు తిరిగినాయి. "నిజమైన ముక్కే సార్, బతిమాలి తెచ్చుకున్నాను. పొద్దున నీడగా ఉందని షెడ్డులో పెట్టాను, అంతే" అంటా బల్ల కిందనుంచి పెట్టె తీసి చూపించింది.

అదే పెట్టె! మెల్లగా జారుకుందామనుకున్నా. కానీ ఆ పిల్ల మొహం చూసినాక ఎట్ట ఊరుకునేది?

"సారూ, ఆమెది తప్పు లేదు. ఇది లారీ ఐసే. అసలుది నా వంజరాల మీద చెన్నై పోతా ఉంది" అని కక్కేసినా. "అయినా మాకో ఐసు ఫ్యాక్టరీ ఉంటే ఆ పెట్టె నేనెందుకు ముట్టుకుంటా?"

షెల్టరంతా ఒకటే నవ్వు. ఆఫీసరు కూడా నవ్వేసి, "సరే, మీటింగులు ఆపం. ఈసారి పెట్టెకు తాళమేసి తెస్తాం" అన్నాడు.

ఆ పిల్ల మాత్రం పరిగెత్తుకొచ్చి నా చెయ్యి పట్టుకునింది. "అయితే ఆ చప్పుడు మీరు విన్నారా అక్కా?"

"వినకేం! చేపల మీద చిటపటా చిటపటా."

"విని ఏమన్నారు?"

ఏం చెప్పేది? కల్తీ ఐసు అంటగట్టినారని పెద్దగా అరిచి, లారీలో ఐసు పంపే ఫ్యాక్టరీ వోళ్ల ఏడు తరాల్నీ తిట్టినా. వేల ఏళ్లు మంచులో నోరు మూసుకొని పడున్న గాలి, పాపం, బయటికి రాంగానే ముందు విన్నది నా బూతులు!